సాగదీసిన టైరు: అందము, భారము, గాలి

కొత్త కారు ఇంటికి వచ్చిన దినమున నాలుగు చక్రముల క్రింద నాలుగు నిమ్మకాయలుంచి త్రొక్కించుట మనలో వాడుక. టైరును మనము శ్రద్ధగా చూచు దినము బహుశః అదియొక్కటే. తరువాత పంచరు పడువరకు దాని ఊసెత్తువారుండరు. అట్టి మనలో కొందరు యువకులు ఇటీవల టైరును గూర్చియే ఆలోచించుచు, దానికై వేలకొలది రూపాయలు వెచ్చించుచున్నారనిన సంతోషింపవలసిన మాటయే. అయితే వారి ఆలోచన ఎటు సాగుచున్నదో చూచినచో ఆ సంతోషము కొంత తగ్గును.

అమీర్‌పేట మైత్రీవనము నుండి పంజగుట్ట చౌరస్తా వరకు గల దారిలో సాయంకాలమున కొంతసేపు నిలిచినచో అప్పుడప్పుడు ఒక విచిత్రమైన కారు కంటబడును. దాని ఒడలు నేలకు దిగియుండును. చక్రముల రిమ్ములు వెడల్పై, మెరయుచు, మడ్‌గార్డు అంచువరకు వచ్చియుండును. టైరు మాత్రము ఆ రిమ్మునకు చాలనట్లు, చిన్నవాని చొక్కా పెద్దవానికి తొడిగినట్లు, రెండు ప్రక్కల లోపలికి వాలి బిగుసుకొని యుండును. దీనినే సాగదీసిన టైరు అనుచున్నారు. ఈ వేడుకకు పేరు తెచ్చినవారు జపాను, జర్మనీ దేశములలోని కార్ల ప్రియులు. జపానులో దీనిని హిప్పారి అందురు. లాగుట అని ఆ మాటకర్థము. అక్కడి నుండి బొమ్మల ద్వారా, చలనచిత్రముల ద్వారా మన దుకాణములకు వచ్చినది.

దీనిని విమర్శించుటకు ముందు దీని పక్షమున చెప్పదగినది చెప్పుట న్యాయము. కారును క్రిందికి దించి, వెడల్పు రిమ్ము వేసినచో టైరు భుజము మడ్‌గార్డు అంచును రాచుకొనును. టైరు ప్రక్కలు లోపలికి వాలియున్నచో ఆ రాపిడి తప్పును. కనుక ఈ పద్ధతి వట్టి వెర్రి కాదు; ఒక చిక్కునకు కనుగొన్న ఉపాయమే. మరియొక మాట: ప్రక్కలు బిగుసుకొనిన టైరు స్టీరింగు త్రిప్పగానే కొంచెము చురుకుగా స్పందించును. ఇదియు నిజమే. చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ ఎడము లేకుండ అమరిన కారు చూపునకు ఇంపుగా నుండునని ఒప్పుకొనుటకు మాకు అభ్యంతరము లేదు. కాని ఆ ఉపాయము ఒక చిక్కును తీర్చుచు ఎన్నింటిని తెచ్చిపెట్టుచున్నదన్నదే ప్రశ్న.

ముందుగా, కారు బరువును మోయునది ఏది? తరగతిలో ఈ ప్రశ్న వేసినచో పదిమందిలో తొమ్మండుగురు రబ్బరు అందురు. కాదు, గాలి. 1,000 కిలోగ్రాముల కారులో ఒక్కొక్క చక్రముపై సుమారు 250 కిలోగ్రాముల బరువు పడుననుకొందము. టైరులో గాలి 32 పౌండ్లు అని పెట్రోలు బంకులో చెప్పుదుము గదా; అది చదరపు అంగుళమునకు 32 పౌండ్లు, అనగా చదరపు సెంటీమీటరునకు సుమారు 2.25 కిలోగ్రాములు. 250ని 2.25 చేత భాగించినచో 111 వచ్చును. నేలకును టైరునకును గల స్పర్శ సుమారు 111 చదరపు సెంటీమీటర్లన్నమాట. మన తపాలా కార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు కలది. దాని వైశాల్యము 126. ఇంటిల్లపాదిని ఎక్కించుకొని పంజగుట్ట వంతెన దిగుచున్న కారు నాలుగు తపాలా కార్డులకు మించని చోటుపై ఆధారపడి యున్నది.

ఇక్కడ మన బోధనను గూర్చి ఒక మాట చెప్పవలసి యున్నది. పీడనమను పాఠములో సూదిమొన, ఒంటె పాదము, ట్రాక్టరు చక్రము ఉదాహరణములుగా చెప్పుట పరిపాటి. ట్రాక్టరు టైరు వెడల్పు గనుక మెత్తనేలలో దిగబడదని చెప్పి ముగింతుము. ఇది సగము నిజము. ఎంత వెడల్పు టైరైనను అందు గాలిని రాయివలె బిగించినచో దిగబడును. వెడల్పైన టైరులో గాలి పరిమాణము ఎక్కువ. అందుచేత తక్కువ పీడనముతోనే బరువును మోయగలదు. పీడనము తక్కువ గనుక స్పర్శ వైశాల్యము పెరుగును. అసలు కారణమిది. ఈ మెట్టును దాటవేసిన విద్యార్థి, వెడల్పు ఎంత పెరిగిన పట్టు అంత పెరుగునని నమ్మి, పెద్దవాడైన పిదప ఆ నమ్మకముతోనే చక్రముల దుకాణమునకు పోవును. గాలి పీడనము మారనిచో వెడల్పు టైరు స్పర్శ ఆకారమును మార్చును. నిలువుగా నున్న కార్డును అడ్డముగా త్రిప్పినట్లగును. వైశాల్యము దాదాపు అంతే. మరి పందెపు కార్లకు వెడల్పు టైర్లెందుకని తెలివైన పిల్లవాడు అడుగును. రబ్బరు, పాఠములోని ఘర్షణ నియమములకు పూర్తిగా లోబడదు. మెత్తని రబ్బరు, వేడిని ఎక్కువ చోట పంచుకొనుట, అరుగుదల మున్నగు కారణములు వేరే కలవు.

సాగదీసిన టైరులో తమాషా ఏమనగా, అందులో వెడల్పు రిమ్మునకే గాని టైరునకు లేదు. నేలను అంటునది టైరే గాని రిమ్ము కాదు గదా!

కొలతలు చూతము. టైరు ప్రక్కన 185/65 ఆర్ 15 88 హెచ్ అని ముద్రించి యుండుననుకొనుడు. 185 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనగా ప్రక్కభాగము ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులు, అనగా 120 మిల్లీమీటర్లు. 15 రిమ్ము వ్యాసము, అంగుళములలో. ఇట్టి టైరునకు తగిన రిమ్ము వెడల్పు 5 నుండి 6.5 అంగుళముల వరకని టైరు పరిశ్రమ ప్రమాణములు నిర్ణయించినవి. 195/50 ఆర్ 16 టైరునకు 5.5 నుండి 7 అంగుళములు. ఇప్పుడు ఆ 195 టైరును 9 అంగుళముల రిమ్మునకు ఎక్కించిరనుకొందము. 9 అంగుళములు 228 మిల్లీమీటర్లకు పైమాట. టైరు పేరులోని వెడల్పు కంటె రిమ్ము 33 మిల్లీమీటర్లు ఎక్కువ. టైరు రెండు అంచులును చెరియొక దిక్కునకు లాగబడినవి. నడుమనున్న ప్రక్కగోడలు విల్లువలె బయటికి వంగుటకు బదులు గుడారపు త్రాళ్లవలె వాలి బిగిసినవి.

టైరు అంచున ఉక్కు తీగెల కట్ట యుండును. బీడ్ అని దానికి పేరు. ట్యూబు లేని టైరులో గాలి బయటికి పోకుండ ఆపునది ఆ అంచు రిమ్మునకు గట్టిగా ఆని యుండుటయే. ఆ బిగువునకు రెండు ఆధారములు: తీగెకట్ట బిగి, లోపలి గాలి తోపు. సరియైన రిమ్ముపై అంచు నిటారుగా కూర్చుండును. సాగదీసినప్పుడు అది వాలుగా కూర్చుండును, ప్రక్కగోడ దానిని ఎల్లప్పుడు లోపలికి లాగుచుండును. గాలి నిండుగా నున్నంతవరకు తోపు గెలుచును. గాలి తగ్గినప్పుడో?

మలుపులో ఏమగునో లెక్క వేయుడు. 20 మీటర్ల వ్యాసార్థము గల మలుపును గంటకు 18 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 5 మీటర్లతో తిరిగినచో, కేంద్రాభిముఖ త్వరణము 25ని 20 చేత భాగించగా 1.25. వేగమును రెట్టింపు చేయుడు. 100ని 20 చేత భాగించగా 5. చక్రము వంతుకు వచ్చిన 250 కిలోగ్రాములను మలుపులో నిలుపుటకు 1,250 న్యూటన్ల బలము కావలెను. ఈ బలమంతయు నేలనుండి ట్రెడ్‌కును, ట్రెడ్ నుండి ప్రక్కగోడకును, అక్కడి నుండి అంచునకును, అంచు నుండి రిమ్మునకును పోవలెను. బయటి చక్రములపై భారము మరింత హెచ్చును. ముందే లాగబడియున్న అంచును ఈ బలము ఇంకను లాగును. గాలి తక్కువైయున్న టైరులో అంచు ఒక్క క్షణము జారినను చాలును, గాలి ఒక్కసారిగా బయటపడును. అప్పుడు కారు ఎటు పోవునో నడుపువాని చేతిలో లేదు. ఆ దారిలో కారు ప్రక్కన నుండునది మరియొక కారు కాదు. తల్లిని ఆస్పత్రికి తీసికొనిపోవుచున్న ఒక స్కూటరు, శిక్షణ సంస్థ నుండి బసకు మరలుచున్న ఇద్దరు కుర్రవాండ్రు ఎక్కిన మోటారు సైకిలు.

కొన్నిచోట్ల ఇట్టి టైరును రిమ్మునకు కూర్చోబెట్టుటకు కంప్రెసరు గాలి చాలక, మండు ద్రవమును జల్లి నిప్పంటించి, ఆ ప్రేలుడుతో అంచును ఎగదోయుదురు. దీనిని వేడుకగా చూపుటయు కలదు. ప్రేలినగాని కూర్చుండని టైరు ఆ రిమ్మునకు తగినది కాదని టైరే చెప్పుచున్నది. విద్యార్థులెవరును దీని దరిదాపులకు పోరాదు.

గాలి తగ్గుట మన నగరములో అరుదైన సంగతి కాదు. మెట్రో రైలు అమీర్‌పేటకు 2017 నవంబరులోను, అక్కడి నుండి పంజగుట్ట మీదుగా లాల్ బహదూర్ నగర్ వరకు 2018 సెప్టెంబరులోను వచ్చినది. పైన రైలు ఉక్కు చక్రములతో, ఉక్కు పట్టాలపై నున్నగా సాగును. క్రింద రోడ్డున గుంతలు, మ్యాన్‌హోలు మూతలు, విభాజకముల అంచులు. మైత్రీవనము వద్ద గట్టి వాన కురిసిన గంటలో నీరు నిలుచుట నగరవాసులకు తెలిసినదే; నీటి క్రింద గుంత ఎంత లోతో ఎవరికి తెలియును? చక్రము గుంత అంచును తాకినప్పుడు ప్రక్కగోడ నలిగి, ఆ దెబ్బను మ్రింగవలెను. 120 మిల్లీమీటర్ల గోడకు నలుగుటకు చోటు కలదు. 97 మిల్లీమీటర్ల గోడకు అది తక్కువ. బిగదీసిన గోడకు ఇంకను తక్కువ. అప్పుడు రోడ్డు అంచునకును రిమ్మునకును నడుమ టైరు చిక్కి, లోపలి దారములు తెగును. కొన్నాళ్లకు ఆ చోట బుడగ లేచును. బుడగ లేచిన టైరును మార్చుట తప్ప వేరు మందు లేదు. మరియు మామూలు టైరులో ప్రక్కగోడ రిమ్ము కంటె బయటికి పొంగి దానికి కాపుగా నుండును. సాగదీసిన దానిలో అన్నిటికంటె బయట నుండునది రిమ్మే. వేలు పోసి కొన్న అలంకారము మొదటి కాలిబాట గట్టుకే గీరుకొనును. అందము కోరినవానికి ఇంతకంటె అన్యాయమేమున్నది!

ఎండను గూర్చి ఒక లెక్క ఉపాధ్యాయులకు పనికివచ్చును. ఉదయము 27 డిగ్రీల వద్ద గాలి 32 పౌండ్లు పట్టించిరి. మే నెల మధ్యాహ్నము పరుగుచేత, ఎండచేత టైరులోని గాలి 57 డిగ్రీలకు చేరినది. పరమ ఉష్ణోగ్రతలో 300 నుండి 330కి, అనగా నూటికి పది పెరిగినది. విద్యార్థి వెంటనే 32ను పది వంతులు పెంచి 35.2 అనును. తప్పు. గేజి చూపునది వాతావరణ పీడనమునకు పైనున్న పీడనము మాత్రమే. సముద్ర మట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తుననున్న హైదరాబాదులో వాతావరణ పీడనము 14 పౌండ్లకు దగ్గరగా నుండును. 32కు 14 కలిపి 46. దానిని పది వంతులు పెంచగా 50.6; అందుండి 14 తీసివేయగా 36.6. నాలుగున్నర పౌండ్ల పెరుగుదల. సాగదీసిన టైరు జారకుండుటకై కొందరు మొదటనే గాలిని ఎక్కువగా నింపుదురు. పీడనము పెరిగినకొలది మన తపాలా కార్డు చిన్నదగును, బ్రేకు పట్టు తగ్గును, గుంత దెబ్బ ఎక్కువగును. తక్కువైన అంచు జారునని భయము, ఎక్కువైన పట్టు జారునని భయము.

ఇక పైన చెప్పిన గుర్తులలో చివరి 88 హెచ్ సంగతి. హెచ్ అనునది వేగపు గుర్తు, గంటకు 210 కిలోమీటర్లు. మన ఊరిలో దానితో పనిలేదు. 88 భారపు సూచి, 560 కిలోగ్రాములు. 195/50 ఆర్ 16 టైరుపై సాధారణముగా 84 అని యుండును. అది 500 కిలోగ్రాములు. వెడల్పు పేరుకు పెరిగినది, మోయగల బరువు 60 కిలోగ్రాములు తగ్గినది! కారణము ఊహింపదగినదే: గోడ పొట్టిదైనది, లోపలి గాలి చోటు తగ్గినది. పైగా ఈ 500 కూడ తగిన రిమ్ముపై, తగిన పీడనముతో నున్నప్పటి మాట. 9 అంగుళముల రిమ్ముపై ఎంత మోయునో ఆ అంకె చెప్పదు.

వ్యాసము కూడ మారును. మొదటి టైరు వ్యాసము 621.5 మిల్లీమీటర్లు, రెండవది 601.4. చక్రము నూటికి మూడు వంతులకు పైగా చిన్నదైనది. స్పీడోమీటరు 100 చూపునప్పుడు కారు 97 దాటదు. కారు విలువ కట్టు కిలోమీటర్లు ఊరకే పెరుగును. పెద్ద రిమ్ము కావలెనని మనసైనవారు అదే కారునకు 195/55 ఆర్ 16 టైరును ఆరు అంగుళముల రిమ్ముపై వేసినచో వ్యాసము 620.9 వచ్చును, తేడా ఒక మిల్లీమీటరైనను లేదు. ఇందులోను భారపు సూచి సాధారణముగా 87, అనగా 545. తయారీదారు కోరిన భారమునకు అది చాలునా యని చూచుకొనవలెను. పెద్ద చక్రములన్నియు చెడ్డవని మా వాదము కాదని దీనివలన తెలియును.

చక్రమును మడ్‌గార్డు బయటికి జరుపుట, లోపలికి వాల్చుట అను రెండు తోడు వేడుకలను గూర్చి క్లుప్తముగా చాలును. 250 కిలోగ్రాముల భారమును 25 మిల్లీమీటర్లు బయటికి జరిపినచో బేరింగుపై అదనముగా 61 న్యూటన్ మీటర్ల భ్రామకము నిత్యము పనిచేయును. వాల్చిన చక్రము లోపలి భుజమున మాత్రమే అరిగి, బయటినుండి చూచువానికి కొత్తదివలె కనబడుచునే దారములు తేలును. బయటికి పొడుచుకొనిన చక్రము బురదను, రాళ్లను వెనుకవారిపై చిమ్ముట వేరే చెప్పనక్కరలేదు.

మోటారు సైకిళ్లలో దీనికి తలక్రిందులైన వేడుక కలదు. అక్కడ రిమ్మును మార్చక, దానిపై వెడల్పు టైరును ఇరికింతురు. రిమ్ము ఇరుకగుటచే టైరు గుమ్మటమువలె నడుమ ఉబ్బి, నేలను సన్నని చారగా అంటును. పట్టు పెరుగుటకని చేసినది పట్టు తగ్గించును. కారు సాగదీయగలవారు కొందరే. ఈ రెండవ పని ఇంటర్మీడియేటు దాటగానే మోటారు సైకిలు చేజిక్కించుకొను కుర్రవాండ్రకు అందుబాటులో నున్నది. కావున ఉన్నత పాఠశాలలోనే దీనిని గూర్చి చెప్పుట మేలు.

చట్టము మాట. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చుట యజమానికి చెల్లదు. కేరళ నుండి వచ్చిన ఒక వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సంగతిని ఖండితముగా చెప్పినది. అదే సంవత్సరపు సవరణతో మారిన 182ఏ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండును గాని విధింపవచ్చునన్నది. శిక్ష ఉన్నది సరే. కాని తనిఖీ చేయువాడు నల్లని అద్దమును, అరచు సైలెన్సరును దూరమునుండియే పట్టగలడు. టైరునకు తగిన రిమ్ము ఏదో తెలియుటకు వంగి, అక్షరములు చదివి, పట్టిక చూడవలెను. చదువరాని చోట చట్టము పనిచేయుట కష్టము.

వాహనమును ఆటవస్తువుగా, వింతగా చేయుటయే తప్పని ఎవరైన అన్నచో మేము ఒప్పుకొనము. ఇదే నగరములో బహదూర్‌పుర వద్ద సుధా కార్ల ప్రదర్శనశాల కలదు. దానిని నెలకొల్పిన సుధాకర్ 2005లో ప్రపంచములోకెల్ల పెద్దదైన మూడు చక్రముల సైకిలును నిర్మించి గిన్నిస్ గ్రంథమునకెక్కెను. క్రికెట్ బంతివంటి కార్లు, చెప్పువంటి కార్లు అక్కడ కలవు. పిల్లలను తీసికొనిపోయి చూపదగినవి. అవి ఉదయము తొమ్మిది గంటలకు పంజగుట్ట చౌరస్తాలో మనతో పోటీపడి రావు, అంతే భేదము.

మా అసలు అసంతృప్తి కుర్రవాండ్రపై కాదు, అమ్మకపు భాషపైన. చక్రముల దుకాణములలో లుక్ అను మాట వినబడినన్ని సార్లు భారము అను మాట వినబడదు. ఈ అమీర్‌పేట దారినే పడమరగా కూకట్‌పల్లి, పటాన్‌చెరు దాటి పోయినచో సదాశివపేట వద్ద ఎమ్మారెఫ్ వారి టైర్ల కర్మాగారము కలదు. తిరుపతి జిల్లా చిన్నపండూరులో అపోలో వారిది కలదు. టైర్లు మన ఇంటి ముంగిట తయారగుచున్నవి. వాటిపై వ్రాసియున్నది చదువుట మాత్రము మన బడులలో నేర్పుట లేదు. ఒక పాత టైరును బడికి తెచ్చి, దాని ప్రక్కనున్న ప్రతి అంకెను పిల్లలచే చదివించి, అర్థము వ్రాయించుడు. నాలుగంకెల చిన్న ముద్ర యొకటి కనబడును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము ఇరువది మూడవ వారమున తయారైనదని భావము.

దానితోపాటు ఈ ప్రయోగమును చేయింపుడు. సైకిలు వెనుక చక్రమునకు సుద్దనీరు పూసి, ఒకరు పట్టుకొనగా, తూకము తెలిసిన విద్యార్థిని ఎక్కించి, చక్రమును నల్లకాగితముపై నిలువుగా దింపుడు. వెంటనే పైకెత్తుడు. పడిన ముద్రను గళ్లకాగితముపై పెట్టి వైశాల్యము లెక్కింపుడు. వెనుక చక్రముపై పడు బరువును కాటాపై విడిగా తూచి యుంచుడు. అది 45 కిలోగ్రాములై, గాలి చదరపు సెంటీమీటరునకు 3 కిలోగ్రాములైనచో 15 చదరపు సెంటీమీటర్లు రావలెను. గాలి సగము తీసి మరల చేయింపుడు. ముద్ర పెద్దదగును గాని సరిగా రెట్టింపు కాదు, కొంత తగ్గును. ఆ తగ్గిన వంతు బరువును గాలి కాక ప్రక్కగోడ బిగువు మోయుచున్నది. గాలి దించినకొలది గోడ వంతు ఎట్లు పెరుగుచున్నదో పిల్లలు పట్టికగా వ్రాయవచ్చును.